నాలుగో డివిజన్‌లో శనివారాలు

బుధవారం పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "బాబూ, మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు," అన్నారు. మళ్ళీ ఆవిడే, "శనివారం మ్యాచ్ ఉందిగా, నిన్నంతా దాని గొడవే," అన్నారు. డాక్టర్ అంకుల్ పోయారన్న సంగతి నాకు అలా తెలిసింది.

ఇక్కడ అమెరికాలో, మన మోరిస్‌విల్ తెలుగువాళ్ళకు ఆయన ఏ ఫంక్షన్‌లో కనిపించినా బీపీ చూసిపెట్టే పెద్దమనిషి. నాకు తెలిసిన మనిషి వేరు. ఒక శనివారం మా అమ్మాయిని తెలుగు క్లాసులో దింపి వస్తుంటే, గుడి పార్కింగ్ లాట్‌లో ఒక పాత కారు, అద్దాలన్నీ ఎత్తేసి, లోపల తల పట్టుకున్న పెద్దాయన కనిపించారు. గుండెనొప్పేమోనని భయపడి అద్దం తట్టాను.

"ఏం లేదయ్యా, మనవాళ్ళు పెనాల్టీ మిస్ చేశారు. ఎక్కు, ఎక్కు," అన్నారు.

క్లాసులో పాఠాలు చెప్పే ఆంటీని దింపి, ఆయన కారులోనే కూర్చుని ఇంటర్నెట్ రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ వింటారట. ముందు సీట్లో కరివేపాకు మొక్క ఉంటే వెనక ఎక్కాను. కాసేపటికే మనవాళ్ళు గోల్ కొట్టారు. అంతే, నా గతి తేలిపోయింది. మరుసటి వారం ముందు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోనివ్వలేదు. "వెనకే ఉండవయ్యా. కదిలావంటే చంపేస్తాను." మన ఇళ్ళల్లో క్రికెట్ చూసేటప్పుడు వికెట్ పడుతుందని ఎవర్నీ లేవనివ్వరే, అదే చాదస్తం. ఏళ్ళ తరబడి ఆ కారులో నేను వెనక సీట్లోనే కూర్చున్నాను.

మనవాళ్ళంటే బ్రిటన్‌లో, వేల్స్‌లోని ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్. ఆయన గుంటూరు నుంచి కుర్ర డాక్టరుగా అక్కడి ఆసుపత్రికి వెళ్ళేసరికి అది అట్టడుగున, నాలుగో డివిజన్‌లో ఉండేదట. తోటి డాక్టరొకడు మైదానానికి లాక్కెళ్ళి ఒక ఇనుప స్తంభం పక్కన నిలబెట్టాడు. ఆయన అక్కడ వానలో తడుస్తూ నిలబడ్డ ఏళ్ళలోనే క్లబ్ ఒక్కో మెట్టూ ఎక్కి మొదటి డివిజన్‌కు చేరింది. "డాక్, ఆ స్తంభం వదలకు," అనేవారట చుట్టూ ఉన్నవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఆయనకు అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ఆయన ఇటు వచ్చేశారు, అటు ఫ్యాక్టరీ మూతపడింది, క్లబ్ ఎక్కినంత వేగంగానే జారి కిందపడింది.

"నేను కదిలాను, వాళ్ళు పడ్డారు," అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు ఎప్పుడూ పూర్తయ్యేది కాదు.

తర్వాత ఊరివాళ్ళు బకెట్లు పట్టుకుని చందాలు పోగేసి క్లబ్‌ను బతికించుకున్నారు. మళ్ళీ రెండో డివిజన్ దాకా తెచ్చుకున్నారు. ఆపైన ఎవరో డబ్బున్నవాళ్ళు కొన్నారు, మళ్ళీ జారుడు మొదలైంది. నేను ఆ కారెక్కింది ఈ జారుడులోనే కాబట్టి నేను విన్నవి దాదాపు అన్నీ ఓటములే. "గెలిచే టీమ్ ఏదైనా చూసుకోవచ్చుగా అంకుల్," అన్నానొకసారి. "బాగున్నవాడికి డాక్టరెందుకయ్యా?" అన్నారు.

నా ఉద్యోగం పోయి, వీసా గడువు నెత్తిమీద కత్తిలా వేలాడుతున్నప్పుడు, అందరూ అంతా మంచే జరుగుతుందన్నారు. ఆయన ఒక్కరే అనలేదు. ఫ్లాస్క్‌లోంచి టీ పోసి వెనక్కి అందిస్తూ, "చెప్పలేమయ్యా, పడితే పడతాం. నాలుగో డివిజన్‌లో కూడా శనివారం వస్తుంది," అన్నారు. ఆ రోజుల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

ఈ ఏడు మనవాళ్ళు ఆ నాలుగోదాంట్లో కూడా చివరికొచ్చారు. ఆఖరి మ్యాచ్ ఓడిపోతే లీగ్‌లోంచే బయటికి. ఆపైన క్లబ్ మూసేస్తారని ఊరంతా భయం. "ఒక్క డ్రా చాలయ్యా. నేను బతికుండగా ఆ గేటుకు తాళం పడకూడదు," అన్నారు పోయే ముందటి శనివారం. ఆయన కోరిక తీరింది. ఇంత ఘోరంగా తీరుతుందని నేననుకోలేదు.

శుక్రవారం అంత్యక్రియలయ్యాయి. శనివారం ఆంటీ బదులు ఇంకెవరో క్లాసు తీసుకున్నారు. అమ్మాయిని దింపి, ఆయన ఆపే చోటే కారాపి, దిగి, నా కారులోనే వెనక సీట్లోకి మారాను. అద్దం మీద పైన్ చెట్ల పుప్పొడి పసుపుగా పేరుకుంది. ఫోన్‌లో కామెంటరీ పెట్టుకున్నాను. చివరిదాకా డ్రాగానే ఉంది. చివర్లో గోల్ పడింది, మనవాళ్ళకు కాదు. కాసేపు అక్కడి వాన చప్పుడు మాత్రమే వినిపించింది.

ఆయన వినకుండా పోవడమే నయమైందని తెలిసినవాళ్ళు అంటున్నారు. నాకది ఊరట కాదు. ఎంత ఘోరంగా ఓడిపోతున్నా మధ్యలో లేచిపోయిన మనిషి కాదాయన. ఉండి వినేవారు, తిట్టేవారు, టీ పోసేవారు. ఇప్పుడా నాలుగో డివిజన్ కూడా లేదు, అక్కడా శనివారం వస్తుందని చెప్పే మనిషీ లేడు. చాదస్తమని తెలుసు. అయినా నా మనసు ఒకటే మాట అంటోంది: ఆయన కదిలారు, వాళ్ళు పడ్డారు.

క్లాసు అయిపోయి మా అమ్మాయి వచ్చి తలుపు తీసింది.

"నాన్నా, నువ్ బ్యాక్ సీట్‌లో ఎందుకు ఉన్నావ్? ఎవరు డ్రైవ్ చేస్తారు?"

నేను కదల్లేదు. ముందు, స్టీరింగ్ దగ్గర సీటు ఖాళీగా ఉంది.