అప్పలరాజు మావయ్య చెవి

చిన్నీ, బాబూ, ఈ సంగతి మీకు ఫోన్లో చెప్పకుండా ఉత్తరంలో రాస్తున్నాను. చెబితే పక్కనుండి అమ్మమ్మ వింటుంది, విశాఖలో మీ వీధంతా నవ్వుతుంది. పాలు తాగారా, గొడుగు పెట్టుకున్నారా అని రోజూ మిమ్మల్ని వేధించే మీ అమ్మ, జాగ్రత్త ఎక్కువై ఎలా బోల్తా పడిందో వినండి.

ఇక్కడ ఖరగ్‌పూర్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ చిన్నది. హెడ్డాఫీసు జర్మనీలో. ఇన్నేళ్లూ పద్ధతులన్నీ అక్కడి నుంచే వచ్చేవి, మేం పాటించేవాళ్లం. అలాంటిది మొన్నామధ్య వాళ్లే అడిగారు. మీ మోటార్లు అందరికంటే తక్కువ చెడిపోతున్నాయి, ఎలాగో రాసి పంపండి అని.

రహస్యమంతా మా ఫిట్టర్ అప్పలరాజు మావయ్య. ఈ ఊళ్లోనే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మన తెలుగువాడు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల బేరింగ్ ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పేస్తాడు. మా మీటర్లకి అందనిది ఆ చెవికి అందుతుంది. ఇంతవరకూ తప్పలేదు.

రాసే పని నాది. ఒక్క ముక్క వదిలేస్తే అక్కడెక్కడో మోటారు కాలిపోతుందేమోనని నా భయం. రెండు రోజులు ఆయన వెనకే తిరిగాను. బూట్లు విప్పుతాడు, రాశాను. ముందు టీ తాగుతాడు, రాశాను. పక్కవాళ్లని "దాదా, చుప్" అని మాట్లాడకుండా ఆపుతాడు, అదీ రాశాను. నాలుగు పేజీలయింది.

కొన్నాళ్లకి అది అన్ని దేశాల ఫ్యాక్టరీలకూ రూలైపోయి, మాకే తిరిగొచ్చింది. వెనకే తనిఖీకి జర్మనీ ఆఫీసరు వచ్చాడు. బూట్లు విప్పేసి, మోటారు పక్కన మేజోళ్లతో నిలబడి, టీ ఎప్పుడిస్తారని అడిగాడు. మూడో నిబంధన అట.

అప్పలరాజు మావయ్య ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

"నా టీ కూడా జర్మనీ ఎల్లిపోనాదేటమ్మా?" అని నవ్వాడు. పేజీలన్నీ తిప్పి, మళ్లీ మొదటికొచ్చి, నెమ్మదిగా అడిగాడు. "మరి నా పేరేదమ్మా?"

వెతికాను. 'తయారు చేసినవారు' అన్నచోట నా పేరుంది. ఆయన బూట్ల సంగతి రెండుసార్లుంది. ఆయన పేరు ఎక్కడా లేదు.

తల ఎత్తలేకపోయాను. ఆ ఆఫీసరు ఎదుటే తప్పు ఒప్పుకుని, ఆ పూటే సవరణ పంపాను. హెడ్డాఫీసువాళ్లు సరేనన్నారు గానీ, కొత్త ప్రతి వచ్చే ఏడాది గాని రాదట.

కాబట్టి అంతదాకా మీదే ఆ పని. మీ స్నేహితులకి చెప్పండి, వాళ్లని ఇంకొకరికి చెప్పమనండి, ఆ చెవి అప్పలరాజుదని. నా పేరు మాత్రం ఎత్తకండి. అది ఇప్పటికే అన్ని దేశాలకీ వెళ్లిపోయింది.