బ్రేకు అవసరం లేదు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని కూడా ఒకటి ఉంటుందని ఇంకా ఎవరూ నాతో చెప్పలేదు. ఇరవై మూడేళ్ళ వయసు, కరెంటు ఆఫీసులో కొత్త ఉద్యోగం, నడుముకి ఒక పక్క టెస్టరు, ఇంకో పక్క కటింగ్ ప్లయరు (ఆఫీసుకే కాదు, పెళ్ళిళ్ళకి కూడా అలాగే వెళ్ళేవాణ్ణి). తమిళ సీమలో ఉన్న మా ఊరు ఒర్లియంపేటలో, మా వీధిలో ఎవరింట్లో మిక్సీ ఆగిపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేను విప్పినవాటిలో సగం మళ్ళీ తిరిగాయి. మిగతా సగం సంగతి నన్ను నిలదీసినవాళ్ళు లేరు, ఎందుకంటే మా అమ్మ నోరంటే వీధంతటికీ భయం. అలా నా పనితనం మీద నాకున్న నమ్మకం చెక్కుచెదరకుండా పెరుగుతూ వచ్చింది. ఆ నమ్మకంతోనే మా తాతకి ఒక మాట ఇచ్చేశాను.

మా నాయన వైపు తాతకి బాహూరు చెరువు కింద కొంచెం పొలం ఉంది. ఎనభై ఏళ్ళు దాటాక స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో చేతికర్రతో తిరగవచ్చు గానీ పొలం గట్ల మీద అడుగు పెట్టకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. సిమెంటు రోడ్డు దాకా కారు పోతుంది. అక్కడి నుంచి కాలువ పక్కన అర మైలు బురద దారి ఉంది, ఆ చివరనే తాత ప్రాణమంతా పెట్టుకున్న మూలమడి. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతామన్నాం. "మీరు నన్ను మోసేది ఒక్కసారే. అది అప్పుడు చూసుకుందాం" అన్నాడు. అలా రెండేళ్ళు గడిచాయి. పొలం చేసే మనిషి వచ్చి మూలమడి బాగుందని చెప్పినప్పుడల్లా తాత తల ఊపేవాడు. అతను వెళ్ళాక, "అందరూ బాగుందనే చెప్తారు. మనిషి ఇంక లేవడనుకుంటే అట్లనే చెప్తారు" అనేవాడు. ఆ మాట వినలేకే, "ఈ తూరి నాట్లకి నిన్ను మూలమడి గట్టు మీద దింపుతా తాతా" అనేశాను. ఎలా దింపాలో నాకే తెలియదు.

దారి విల్లియనూరులో దొరికింది, పాత ఇనుప సామాను అంగడి వెనక, కోళ్ళగంపల కింద. మూడు చక్రాల బండి. ఆటో అనుకునేరు, దీనికి పైకప్పు లేదు, తలుపు లేదు. మోటారు సైకిలు హ్యాండిలు, పొడుగాటి సీటు, ముందొక చక్రం, వెనక రెండు. ఒక్కో టైరు మా అమ్మ పిండి రుబ్బే రాయంత లావు. ఎవరో విదేశీయుడు ఎప్పుడో సముద్రపు ఇసుకలో తిరగడానికి తెప్పించుకుని, వెళ్ళిపోతూ ఇక్కడే వదిలేశాడట. ఇసుకలో పోయేది బురదలో పోదా అని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. ఇంటికి తెచ్చాక అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా ఇది, కప్ప మాదిరి కూచోనుండాది? యాడ నుంచి ఎత్తుకొచ్చినావు?" అంది. ఆ రోజు నుంచి దాని పేరు కప్ప.

కప్పని నేను రెండు ఆదివారాల్లో విప్పేశాను. బిగించడానికి ఆరు నెలలు పట్టింది, అదీ మామ వచ్చాడు కాబట్టి. మామ అంటే మా అమ్మకి అన్న, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయినవాడు, రెండు వీధుల అవతల ఇల్లు. నేను విప్పి పరిచిన ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. తరువాత, "నువ్వు సుమ్మా ఉండు, అది చాలు" అని లుంగీ ఎగగట్టి కూర్చున్నాడు. (సుమ్మా అంటే తమిళంలో ఊరికే.) పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పు వదలాలంటే చింతపండు పులుసూ గులకరాళ్ళూ పోసి ఊపాలన్నాడు. ఊపాను. ఆ వారం మా ఇంట్లో చారు లేదు. కార్బురేటరు సన్న రంధ్రాలని కొబ్బరి ఈనెతో పొడిచాడు. ఇంజను స్టార్టు చేయడానికి లాగే తాడు పుచ్చిపోయి ఉంటే, ఏ తాడు వేయాలా అని మేం తర్జనభర్జన పడుతుండగా తాత లోపలికి వెళ్ళి, తన చివరి ఎద్దుకి కట్టిన ముకుతాడు తెచ్చి ఇచ్చాడు. సన్నగా, గట్టిగా, తాత చేత్తో పేనినది. "దీన్ని లాగితే అది కదలకుండా ఎప్పుడూ నిలబళ్ళా" అన్నాడు. అది ఆ కప్పలో సరిగ్గా అమిరింది. నేను మాత్రం టైర్లకి పంచరు అంగట్లో లారీకి కొట్టినట్టు గాలి కొట్టించి, తట్టి చూసుకుని మురిసిపోయాను.

నాట్లు ఎల్లుండి అనగా మా బావ దిగాడు. అక్కకి పెళ్ళయి మూడు నెలలు. బావది తెనాలి వైపు, హైస్కూల్లో తెలుగు మాస్టారు. మాది ఏ కాలంలోనో దక్షిణానికి వచ్చేసిన కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతామే గానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు, ఆ మాట్లాడేదాంట్లో కూడా తమిళం ఎంతో మాకే తెలియదు. బావకి మా ఇల్లు ఒక వింత. చొక్కా జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, మేం నోరు విప్పినప్పుడల్లా ఏదో రాసుకునేవాడు. ఎంతో మర్యాదస్తుడు. అర్థం కాకపోయినా అర్థమైనట్టు నవ్వేవాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఆ పొద్దున కప్ప వీధిలో నిలబడి ఉంది. అన్నీ అయిపోయాయి, బ్రేకు తప్ప. బ్రేకు పట్టీలకి బంక పూసి, ఆరడానికి పిట్టగోడ మీద ఎండలో పెట్టాడు మామ. బావ ఫలహారం ముగించి వచ్చి సీటు మీద కూర్చుని, హ్యాండిలు పట్టుకుని ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా అయ్యాడు. ఇంజను చప్పుడు వినిపిద్దామని మామ ముకుతాడు లాగాడు. మూడో లాగుకి కప్ప అరిచింది. బావ మొహం వెలిగిపోయింది. "మామయ్యగారూ, మరి బ్రేకు బిగించలేదు కదండీ?" అని అడిగాడు. మామ కాఫీకి లోపలికి పోతూ, "బ్రేకు అవసరం లే మాప్పిళ్ళే" అన్నాడు. (మాప్పిళ్ళె అంటే అల్లుడు.) నేను పక్కనే లైటు వైరుకి టేపు చుడుతూ ఆ మాట విన్నాను, అందులో నాకేమీ తప్పు కనిపించలేదు. బావకీ కనిపించలేదు. విదేశీ బండి కదా, దాని పద్ధతి వేరేమో అనుకున్నాడట. కాలితో గేరు నొక్కి, బొటనవేలి కింద ఉన్న మీట నొక్కాడు.

మొదటి పది గజాలూ బావ దర్జా చూసి తీరాలి. అరుగు మీద నిలబడ్డ అక్కకి చెయ్యి కూడా ఊపాడు. ఎదురింటి పిన్ని వేసిన ముగ్గు మీద నుంచి మూడు గీతలు తీసుకుంటూ వెళ్ళాడు. గాలి బిగదీసి కొట్టించిన టైర్లు కదా, చిన్న రాయి తగిలినా కప్ప గెంతుతోంది, గెంతినప్పుడల్లా ఆయన వేలు మీటని ఇంకా గట్టిగా నొక్కుతోంది. నేను వెనక పరుగెత్తుతున్నాను. బొటనవేలు తీయమని చెప్పాలి. కంగారులో తెలుగు మాట నోటికి రాలేదు, "కట్టైవిరల్! కట్టైవిరల్!" అని అరిచాను. తమిళంలో బొటనవేలే అది. బావ కట్టె ఏదో అడ్డం ఉందనుకుని, దాన్ని తప్పించడానికి బలమంతా ఉపయోగించి హ్యాండిలు ఎడమకి తిప్పాడు. ఎడమ పక్క ఎవరో మేడ కట్టడానికి తోలించిన ఇసుక కుప్ప ఉంది. కప్ప పుట్టిందే ఇసుక కోసం. జంకూ గొంకూ లేకుండా ఎక్కి, సరిగ్గా కొనమీద ఆగి, ఇంజను ఆర్పేసుకుంది. బావ ఉత్సవ విగ్రహంలా పైన కూర్చుని ఉన్నాడు. వీధంతా వచ్చి కింద నిలబడింది. దిగబోతూ ఆయన చీలమండ బెణికించుకున్నాడు, బండికి మాత్రం ఒక వెనక టైరులో గాలి పోయింది, అంతే.

మామ కాఫీ గ్లాసుతో నింపాదిగా వచ్చి, "ఏంది మాప్పిళ్ళే, బ్రేకు లేకుండా యాడికి పోతిరి?" అన్నాడు.

"మీరే కదండీ అవసరం లేదన్నారు!"

"అవును, అట్లనే అంటిని. బంక ఆరనీ, సాయంకాలం వేద్దామని."

అప్పుడు గానీ తెలియలేదు. తమిళంలో అవసరం అంటే తొందర. మా ఇంట్లో తరతరాలుగా అవసరం అంటే తొందరే. అవసరం లేదంటే, తొందరేం లేదు, మెల్లగా కానిద్దాం అని. బావ ఇసుకలో కూర్చునే జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ ఆగి, "ఇందాక రెండో దోసె పెట్టమంటే అత్తయ్యగారు అవసరం లేదన్నారు. నాకు చాలనుకున్నారేమోనని లేచి చెయ్యి కడుక్కున్నానండీ" అన్నాడు. దోసె పెనం మీద ఉంది, కాలనివ్వండి, మెల్లగా తినండి అని అమ్మ ఉద్దేశం. అమ్మ మొహం చూడాలి అప్పుడు. కొత్త అల్లుణ్ణి ఒక్క దోసెతో లేపి, బ్రేకు లేని బండెక్కించి, కాలు బెణికించిన ఇల్లు అని తెనాలి అంతా చెప్పుకుంటారని ఆమె భయం. ఆ కోపమంతా కప్ప మీదికి మళ్ళింది. "ఈ బండి వాకిలి దాటిందా, నేను పుట్టింటికి పోతా!" అంది. "పుట్టిల్లంటే నా ఇల్లే గదమ్మా, రా, వద్దన్నదెవరు" అన్నాడు మామ. ఆ మాటకి ఇంకా మండింది. "జాస్తి మాట్లాడొద్దన్నా. కాలు ఇరిగిన ముసలాయన్ని దీని మీద కూచోబెడతారా? నాట్లూ లేదు, గీట్లూ లేదు. పాత సామాన్ల వాణ్ణి పిలవండి."

అమ్మ మాట అంటే అయిపోయినట్టే. ఆరు నెలల కష్టం పోతుందని కాదు నాకు, తాత మొహం చూడలేకపోయాను. తాత అరుగు మీది నుంచి కర్ర ఊతంతో లేచాడు. మెల్లగా వచ్చి కప్ప సీటు మీద చెయ్యి పెట్టి, అమ్మ వైపు చూసి అన్నాడు:

"బ్రేకుకి అవసరం లే. నాకు అవసరమమ్మా."

ఆ మాట తాత ఏ తెలుగులో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. బావకి, నాకు ఇది కావాలి అని వినిపించింది. మాకు, నాకు ఎక్కువ వ్యవధి లేదు అని వినిపించింది. ఎవరికి ఎలా వినిపించినా అమ్మ కళ్ళు మాత్రం నిండాయి. కొంగుతో మొహం తుడుచుకుని, "బ్రేకు ముందు వెయ్యండి" అని లోపలికి పోయింది. వెంటనే మళ్ళీ బయటికి వచ్చి, "అల్లుడుగారూ, దోసె తినాల మీరు" అంది. ఆ రోజు బావ ఎన్ని దోసెలు తిన్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆయన కాదనలేదు కూడా.

తాత అక్కడే నిలబడి గాలి పోయిన టైరుని కర్రతో నొక్కి చూశాడు. బిగుతుగా ఉన్న రెండో టైరుని కూడా నొక్కాడు. "ఇది తప్పు, అది సరి" అన్నాడు, మెత్తబడినదాన్ని చూపించి. "ఎద్దు గిట్ట చూళ్ళేదా? బురదలో పెట్టంగానే విచ్చుకుంటాది. బిగుసుకుంటే దిగబడిపోతాది." మామ నా వైపు చూశాడు. నేను లారీ గాలి సంగతి ఏమీ తెలియనట్టు టెస్టరు తుడుచుకున్నాను. అన్ని టైర్లలోనూ గాలి తీసేశాం. తరవాత ఎవరో చెప్పారు, అలాంటి బండ్లకి గాలి అంత తక్కువే ఉండాలట. తాత చదివింది మూడో తరగతి.

నాట్ల రోజు పొద్దున కప్పని కుట్టియానైలో, అంటే చిన్న లారీలో ఎక్కించి బాహూరు తీసుకుపోయాం. సిమెంటు రోడ్డు చివర దింపి, తాతని వెనక కూర్చోబెట్టి, ఆయన చేతులు నా నడుము చుట్టూ వేయించుకున్నాను. మనిషి నడిచేంత నిదానంగా నడిపాను. మామ ఒక పక్క, కుంటుతూ బావ ఇంకో పక్క. మెత్తని టైర్లు బురద మీద పరుచుకుని, కప్ప చక్కగా పోయింది. మూలమడి గట్టు దగ్గర తాత నా వీపు తట్టాడు, ఆపాను. (బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది.) మడిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఆడవాళ్ళు సగం నాటేశారు. తాత చాలాసేపు చూశాడు. "నిజంగానే బాగుండాది" అన్నాడు, రెండేళ్ళుగా అందరూ చెప్పిన అబద్ధం నిజమైపోయినందుకు కొంచెం చిన్నబోయినట్టు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఎండెక్కుతోంది, ఇంక పోదామా తాతా అని బావ అడిగాడు. "అవసరం లే" అన్నాడు తాత. ఈసారి బావకి అర్థమైంది. గట్టు మీద తువ్వాలు పరుచుకుని ఆయన కూడా కూర్చున్నాడు.

తాత ఆ తరవాత ఇంకో నాలుగు పంటలు కప్ప మీదే వెళ్ళి చూశాడు. బావ ఆ కాలు బెణికిన వారమంతా ఊరికే కూర్చోలేక నాకు అక్షరాలు నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు మీరు చదువుతున్నారంటే ఆ ఇసుక కుప్ప చలవే. కప్ప ఇప్పటికీ మా వరండాలో ఉంది. ముకుతాడు లాగితే మూడో లాగుకి అరుస్తుంది. వెనక రేకు మీద, అక్షరాలు వచ్చిన గర్వంతో నేను పెయింటుతో రాసిన మొదటి తెలుగు మాటలు ఉన్నాయి: "అవసరం లెదు." దీర్ఘం పెట్టడం మరిచిపోయాను. మొన్న బండికి మళ్ళీ రంగు వేయిస్తుంటే, ఆ తప్పు కూడా దిద్దమంటారా అని పెయింటరు అడిగాడు. ఇరవై మూడేళ్ళ ఆ మొనగాడు, నడుముకి ప్లయరు వేలాడేసుకుని, నాలుక బయటపెట్టి ఆ అక్షరాలు దిద్దుతూ కళ్ళముందు కనిపించాడు. అవసరం లేదన్నాను. ఏ తెలుగులో చెప్పానని మాత్రం నన్ను అడగకండి.