నాన్నను భోజనానికి పిలిచిందెవరు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. బతికున్నవాళ్ళు నాకు చేసినవి గుర్తుంచుకోవడానికే తీరిక చాలదు, ఇక పోయినవాళ్ళను ఎక్కడ పట్టించుకోను. ఇప్పుడైనా ఇది రాయడానికి కారణం మా వదిన. ఈ మధ్య పెళ్ళిళ్ళలో కనబడినవాళ్ళందరికీ ఈ సంగతి తనకి మొదటినుంచీ తెలిసినట్టే చెబుతోంది. తెలియదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సెల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. నేను బందరులో టీచరుగా పనిచేసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉన్నారు. ఆయన గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాగా చేసి మానేశారు. తరవాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట ముద్దగా వచ్చేది. లేపి కూర్చోబెట్టాలి, బాత్రూముకి నడిపించాలి. నేను చేసేదాన్ని.

ఆ యేడు నాకు గర్భసంచి ఆపరేషన్ తప్పదన్నారు. గుడివాడలో చేయించుకోవాలి. ఆ తరవాత నెలన్నర పాటు బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదు. మరి నాన్నను ఎవరు లేపుతారు?

గుడివాడలో అన్నయ్యకి సొంత ఇల్లుంది. వదిన చాలా స్పష్టంగా చెప్పింది. "నిన్ను ఎన్నాళ్ళయినా ఉంచుకుంటాం విజయా. మావయ్యగారిని మాత్రం మావల్ల కాదు. కిందటిసారి గుర్తుందిగా?"

గుర్తుండకేం. అంతకు రెండేళ్ళ ముందు నాకు పరీక్షల డ్యూటీ పడితే నాన్నను నాలుగు రోజులు వాళ్ళింట్లో దింపాను. ఆయన అన్నం ముట్టలేదు. చివరికి సెలైన్ ఎక్కించి నాకు అప్పజెప్పారు.

ఆయన తినకపోవడానికి కారణం ఉంది. మేం చిన్నప్పుడు ఒకే వాకిట్లో నాలుగు వాటాలున్న ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవదు కదా. ఏమండీ అని పిలిస్తే నలుగురు మగాళ్ళూ తల తిప్పేవారు. అందుకని వంటయ్యాక పప్పు తీసిన కంచు గిన్నె అంచుమీద గరిటెతో రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి మరోసారి కొట్టేది. ఆ చప్పుడు వింటే నాన్న ఎక్కడున్నా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవారు. సొంత ఇంటికి మారాక కూడా అమ్మ అలాగే పిలిచింది. అమ్మ పోయాక నేను పిలిచాను. పక్షవాతం వచ్చాక ఆ చప్పుడు వినకపోతే ఆయనకి భోజనం వేళ అయినట్టే ఉండేది కాదు. పళ్ళెం ముందు పెట్టినా గోడకేసి చూస్తూ కూర్చునేవారు.

ఈ సంగతి వదినకి ఆ నాలుగు రోజుల ముందే చెప్పాను. ఆ కంచు గిన్నె ఉన్నది కూడా ఆవిడ దగ్గరే. అమ్మ పెద్దకర్మ నాడు, జ్ఞాపకంగా ఉంటుందని పట్టుకెళ్ళి, గోనెసంచిలో కట్టి అటకమీద పడేసింది. నేను స్టీలు గిన్నెతో నెట్టుకొచ్చాను. కాస్త ఆ గిన్నె దింపి కొట్టు వదినా అంటే, "మా ఇంట్లో గిన్నెలు వాయించి పిలవడానికి ఇదేం హాస్టలా?" అని పనిమనిషి ముందు నవ్వింది. ఆ నవ్వు నాకింకా వినబడుతుంది. దానికి దెయ్యం అక్కర్లేదు.

సరే, చోటు వెతకడం మొదలుపెట్టాను. పమిడిముక్కలలో మావయ్య వరసాయన ఒకాయన, "మా గేదెలకే మనిషి దొరకట్లేదమ్మా" అన్నాడు. వాళ్ళ పిల్లకి పెళ్ళి సంబంధం కుదిర్చింది మా నాన్నే. బందరులో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు ఉంచితే ఎప్పటికీ ఉంచండి, నెలకోసం తీసుకోం అన్నారు. గుడివాడలో ఇంకోచోట హాలు నిండా మంచాలు, మరుగుదొడ్డికి వెళ్ళాలంటే మెట్లు దిగాలి. మెట్లు దిగగలిగితే మీ దగ్గరికెందుకు తెస్తానని అడిగితే ఆ మేనేజరు నన్ను గయ్యాళి అన్నట్టు చూశాడు.

చివరికి మా స్కూల్లో ఆయమ్మ చెప్పింది, అవనిగడ్డ దాటాక కోడూరు రోడ్డు మీద ఒకావిడ పెద్దవాళ్ళను కొద్దిరోజులకోసం చూసిపెడుతుందని. పేరు సుగుణమ్మ. రిటైరైన నర్సు. ఇంట్లో రెండు గదులు దానికోసమే ఉంచింది.

బస్సులో చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళి చూసొచ్చాను. వంక పెట్టడానికి వెళ్ళాననే అనుకోండి. ఫ్యాను చప్పుడు చేస్తోంది, చెప్పాను. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ లేదు, చెప్పాను. చారులో ఉప్పెక్కువైంది, అదీ చెప్పాను. ఆవిడ అన్నీ విని, "కడ్డీ రేపు పెట్టిస్తానండీ. ఫ్యాను పాతది, అలాగే అరుస్తుంది. ఉప్పు మాత్రం మా వంటమనిషి అచ్చమ్మ చెయ్యి, నేనూ పదేళ్ళనుంచీ గొడవపడుతున్నాను" అంది. మనిషి నచ్చింది.

నాన్నను దింపినరోజు మందుల గురించి, పడుకునే పక్క గురించి, ఒంటేలు గురించి అన్నీ అడిగింది. అన్నానికి ఎలా పిలవాలో మాత్రం అడగలేదు. పెద్దవాళ్ళను చూసేవాళ్ళు అడగాలా వద్దా? నేను చెబుదామనుకున్నాను. కానీ అన్నయ్యతోపాటు కారులో వదిన కూడా వచ్చి గుమ్మంలోనే నిలబడింది. మళ్ళీ ఆ నవ్వు వినడం ఇష్టంలేక ఊరుకున్నాను. మర్నాడు ఫోను చేసి చెప్పవచ్చు కదా అనుకున్నాను.

మర్నాడే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మత్తు పూర్తిగా వదిలేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. వదిన క్యారియర్ తెచ్చి, "ఈపాటికి మావయ్యగారు నిరాహారదీక్షలో ఉండి ఉంటారు" అంది. నాకు కుట్ల నొప్పి కూడా తెలియలేదు. ఆయన రెండు రోజులు తినకపోతే నిలబడే మనిషి కాదు. అన్నయ్యను పిలిచి, ఎస్టీడీ బూతుకి వెళ్ళి సుగుణమ్మగారికి గిన్నె సంగతి చెప్పి రమ్మన్నాను.

అన్నయ్య తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"తింటున్నారట."

"ఎవరు పిలిస్తే?"

"అదే అర్థం కాలేదు. గరిటె కొట్టండి అని చెబితే, మేమెందుకండీ కొట్టడం, ఆ చప్పుడు మధ్యాహ్నం అయ్యేసరికి రోజూ వస్తోందిగా అంటోంది."

నేను నమ్మలేదు. నన్ను ఊరడించడానికి అబద్ధం చెబుతున్నారనుకున్నాను. మా అన్నయ్యకి ఆ అలవాటుంది.

కుట్లు తీశాక, వదిన వద్దంటున్నా వినకుండా కారు మాట్లాడించి అన్నయ్యతో బయల్దేరాను. మేం వెళ్ళేసరికి పదకొండు దాటింది. నాన్న వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. బుగ్గలు కాస్త నిండాయి. గడ్డం నున్నగా గీసి ఉంది. నేను ముందు బాత్రూము చూశాను. కడ్డీ పెట్టించింది. తరవాత వంటగది చూశాను. అన్నీ స్టీలు సామాన్లు, అల్యూమినియం కుక్కరు. కంచు వస్తువు ఒక్కటీ లేదు.

వచ్చి నాన్న పక్కన కూర్చున్నాను. సుగుణమ్మగారు నా ఎదురుగా చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. అచ్చమ్మ నాకు కనబడేలా కుళాయి దగ్గర బియ్యం కడిగిన గిన్నె తోముతోంది. అన్నయ్య మెట్లమీద పేపరు చదువుతున్నాడు. పట్టపగలు. ఎండ కాస్తోంది.

అప్పుడు ఇంటి వెనకవైపునుంచి వినబడింది. రెండుసార్లు. కాస్త ఆగి మరోసారి.

స్టీలు కాదు. కంచు. అందులోనూ మా గిన్నె. దాని అంచున చిన్న బీట ఉంది. నేనే చిన్నప్పుడు నూతి చప్టా మీద పడేశాను. అప్పటినుంచి ఆ మోత చివర గొంతు బొంగురుపోయినట్టు ఆగిపోయేది. ఇదీ అలాగే ఆగింది.

నాన్న ఎడం చేత్తో తువ్వాలు కోసం తడుముకున్నారు. అన్నయ్య పేపరు దించి నాకేసి చూశాడు. వాడూ ఆ వాటాల ఇంట్లో పెరిగినవాడే.

"వచ్చిందండీ. అచ్చమ్మా, పెద్దాయనకి వడ్డించు" అంది సుగుణమ్మగారు, బస్సు వచ్చిందన్నట్టు.

నేను కుట్లు వేసిన చోట చెయ్యి అదిమిపెట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను. పెరట్లో అరటి చెట్లు, వాటి వెనక కంచె. కంచె అవతల వరిచేను, కోత కాకుండా నిలబడి ఉంది. మనిషి లేడు. చూపు ఆనినంత దూరంలో ఇల్లు లేదు. సుగుణమ్మగారిని అడిగితే, చేలో ఎవరో పిట్టల్ని తోలుతున్నారనుకుంటున్నామండీ అంది. నాన్న రాకముందు ఎప్పుడైనా విన్నారా అని అడిగితే ఆలోచించి లేదంది. ఆవిడ ముఖంలో భయం లేదు. నాకూ భయం వెయ్యలేదు, అదే విచిత్రం. నాన్న ఎడం చేత్తో పప్పన్నం కలుపుకుని తింటుంటే చూస్తూ కూర్చున్నాను. నాకు ఆకలి వేసింది. చారులో ఉప్పు అలాగే ఉంది.

తిరిగి గుడివాడ వెళ్ళగానే అన్నయ్య చెప్పులు కూడా విప్పకుండా నిచ్చెన వేసి అటక ఎక్కాడు. గోనెసంచి దించాడు. దానిమీద దుమ్ము వేలు పెడితే గుంట పడేలా ఉంది. పైన సాలెగూడు చెక్కుచెదరలేదు. ముడి ఊడక కత్తితో కోశాం. గిన్నె లోపలే ఉంది. అంచున బీట ఉంది. మిగతా అంతా చిలుము. వాడు గరిటె అడిగి నెమ్మదిగా కొట్టాడు. అదే మోత.

జరిగినదంతా అన్నయ్య చెప్పాడు, అప్పుడే వదినకి తెలిసింది. తరవాత చింతపండు పెట్టి గిన్నె తోమి, తుడిచి, నా సంచిలో పెట్టింది. "తీసుకెళ్ళు విజయా. నేను వాడిందెప్పుడు" అంది. అడక్కుండా ఆవిడ నాకిచ్చిన వస్తువు ఇదొక్కటే. అదీ గుర్తుపెట్టుకున్నాను.

నాన్నను బందరు తెచ్చుకున్నాక ఒకటి రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. భయంవల్ల కాదు, కోపంవల్ల. అన్ని సంవత్సరాలు అమ్మ బదులు నేను స్టీలు గిన్నె వాయించాను. ఆయన్ను లేపాను, కూర్చోబెట్టాను. ఈ ఇంట్లో ఒక్కనాడూ ఆ మోత వినబడలేదు. ఊరు కాని ఊరు, దివిసీమలో పరాయివాళ్ళ పెరట్లో వినబడింది. కన్నతల్లి కూడా ఇలా చెయ్యవచ్చా?

మధ్యాహ్నం పప్పు తీసి కంచు గిన్నె కొట్టాను. నాన్న తువ్వాలు సర్దుకున్నారు. పళ్ళెం పెడుతూ అడిగేశాను.

"నాన్నా, అమ్మ అక్కడ పిలిచింది కదా. ఇక్కడ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పిలిచిందా?"

ఆయన ముద్ద కలపడం ఆపి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. ముద్ద మాటల్లోనే అయినా ప్రతి అక్షరం నాకు తెలిసింది.

"ఇక్కడ నువ్వున్నావుగా అమ్మడూ."

ఆ చేలో గిన్నె ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. అటకమీద ముడి విప్పని సంచిలోంచి ఆ మోత కోడూరు రోడ్డుకి ఎలా వెళ్ళిందో ఎవరైనా చెబితే వింటాను. ఇంతవరకు చెప్పినవాళ్ళు లేరు. నాన్న ఆ తరవాత నాలుగేళ్ళు బతికారు. ఏ పూటా భోజనం మానలేదు. అమ్మమీద నా ఫిర్యాదు మాత్రం ఆ రోజే కొట్టేశాను. నేను కొట్టేసిన ఫిర్యాదు అదొక్కటే.