పులి పోయిన పొద్దున

ఎనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. రెండు మాటల అబద్ధం. పల్లికాయ బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి, నడుము పట్టుకుని కూర్చునేవాణ్ణి. దీన్ని దించడానికి అన్నేళ్లూ చోటు దొరకలేదు. మీకు నేను తెలియదు, నాకు మీరు తెలియదు, అయినా మీ ముందూ దించుతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. నవ్వినంత మాత్రాన తప్పు చిన్నదైపోదని మాత్రం నాకు తెలుసు.

మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు, రేకుల ఇల్లు, ఇంటి ముందు ఇనుప గేటు. ఆస్తి పెద్దది కాదు గానీ ఊళ్లో నాకో పేరుంది. ఎద్దును ఎంచడంలో నా కన్ను తప్పదని. పెబ్బేరు సంతకు ఎవరు పోయినా నన్ను బండెక్కించుకుని పోతారు. పండ్లు చూసి వయసు చెబుతాను. ఒంటి మీద సుడులు చూసి గుణం చెబుతాను. వెనక నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి, చెవి ఎంత తొందరగా తిప్పిందో చూసి పనితనం చెబుతాను. నేను పట్టమన్న కోడె ఏదీ ఇంతవరకు దుక్కిలో కూలబడలేదు. ఈ గర్వం సంగతి ముందు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నాకు ఒక్కతే కూతురు, అక్షిత. నాలుగేళ్లు నిండినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవులు వినబడవేమోనని భయపడ్డాం. కానీ వెనక గదిలో బిస్కెట్ పాకెట్ విప్పితే ముందు గదిలోంచి వచ్చేసేది. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది. చాలా ఓపికగా చెప్పింది. ఈ పిల్లకు చప్పుళ్లు మనకంటే ఎక్కువగా తగులుతాయని, రోజూ ఒకే తీరుగా జరగడం ఇష్టమని, మాటలు ముందు మనవే తిరిగి అంటూ అంటూ నేర్చుకోవచ్చని. లేచేటప్పుడు నా భార్య మంజుల, ఇంట్లో కుక్కను పెంచుకోవచ్చా అని అడిగింది. పెంచుకోవచ్చు, నెమ్మదైనది చూడండి, మొరగనిది చూడండి, ముందు పిల్లకు నచ్చిందో లేదో చూడండి, ఇద్దరినీ ఒంటరిగా వదలకండి అంది డాక్టరమ్మ. వనపర్తిలో బస్సు దిగేసరికి ఇందులో నా బుర్రలో మిగిలింది ఒక్కటే మాట. కుక్క.

ఏటా పల్లికాయ పీకిన తర్వాత మా చేన్లో గొర్రెల కాపరి మల్లన్న మంద పెడతాడు. గొర్రెల ఎరువు మా భూమికి, మా గింజలు ఆయనకు. ఆ ఏడు ఆయన కుక్క ఆరు పిల్లలు పెట్టింది. ముగ్గురం పోయాం. ఒక మూలన బూడిద రంగు పిల్ల ఒకటి, పక్కన గొర్రెలు అరుస్తున్నా కళ్లు తెరవకుండా పడుకుని ఉంది. మంజుల దాన్ని చూపించింది. నేను నవ్వాను. నిద్రమొహాన్ని ఎవరన్నా ఇంటికి తెచ్చుకుంటారా? ఒక్కో పిల్ల వెనకా నిలబడి చప్పట్లు కొట్టాను. అవును, సంతలో కోడె వెనక కొట్టినట్టే. ఒకటి గిర్రున తిరిగి, నా మీదికి ఎగిరి, మొరిగి, చెప్పు లాక్కుపోయింది. అదీ కుక్కంటే, అన్నాను. పులి అని పేరు పెట్టాను. అక్షిత చెవులు మూసుకుని ఉంది. ఆ సంగతి నేను చూడలేదు. చూశానేమో కూడా.

పులి చాలా మంచి కుక్క. ఈ మాట నిజం. పాల ఆటోకు మొరిగేది, బస్సుకు మొరిగేది, పింఛన్ల గురించి మైకులో చెప్పుకుంటూ పోయే ఆటోకైతే ఊరి పొలిమేర దాకా సాగనంపుతూ మొరిగేది. అక్షిత బియ్యం డ్రమ్ము వెనక దూరి చెవులు మూసుకునేది. ఒకరోజు పులి ఆటకని ముందుకాళ్లు ఎత్తి మీద పడితే పిల్ల వెల్లకిలా పడింది. ఏడవలేదు. పళ్లు దిగేదాకా తన చెయ్యి తనే కొరుక్కుంది. తప్పు పులిది కాదు. చప్పుడుకు లేచే కుక్క కావాలని ఏరి తెచ్చింది నేనే.

మంజుల నెల రోజులు ఒకే మాట చెప్పింది, దాన్ని మల్లన్నకు తిరిగి ఇచ్చెయ్యమని. నేను వినలేదు. మల్లన్న మంద పది ఊళ్లు తిరుగుతుంది. మందతో పాటు కబురూ తిరుగుతుంది. సంతలో అందరికీ ఎద్దులు ఎంచేవాడికి సొంత బిడ్డకు కుక్కను ఎంచడం రాలేదట అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. పిల్ల చేతి మీద పంటి గాట్లు ఉన్నాయి, నేను నా ముఖం గురించి ఆలోచించాను.

మల్లన్న మంద గద్వాల దిక్కు, నది వైపు కదిలే రోజు వచ్చింది. తెల్లవారుతుండగా పులిని మోటార్‌సైకిల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని రోడ్డు మీద మందను కలిశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. మల్లన్న తాడు అందుకుని మందలోకి నడిచాడు. ఇంటికి వచ్చి, మూసి ఉన్న గేటు గడియ నేనే తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, మంచం మీద దుప్పటి కప్పుకున్నాను. మరిచిపోయి తెరిచింది కాదు. నేను ఓడిపోయి తిరిగి ఇచ్చినట్టు కాకుండా, కుక్క దానంతటది పోయినట్టు ఉండాలని తెరిచింది.

వాకిలి ఊడ్వడానికి లేచిన మంజుల అడిగింది.

"పులి ఏది? గేటెవరు తీసిన్రు?"

ఎవరో తీశారనవచ్చు. గాలికి తెరుచుకుందనవచ్చు. నాకు తెల్వదు అంటే అయిపోయేది. దుప్పటిలోంచి తల బయట పెట్టి, గడప మీద నిలబడ్డ అక్షితను చూశాను. మాటలు రాని పిల్ల. కాదని చెప్పలేని పిల్ల.

"పిల్ల తీసిందేమో," అన్నాను.

అక్షిత గేటు వైపు చూసింది. అక్షరం పొల్లుపోకుండా, "పిల్ల తీసిందేమో" అంది.

అప్పటిదాకా దానికి నీళ్లు, అన్నం, వద్దు తప్ప మాట లేదు. మంజుల చీపురు పడేసి బిడ్డను ఎత్తుకుంది. కుక్కను మరిచిపోయింది. పిల్ల మాట్లాడింది, పూర్తి మాట మాట్లాడింది అని చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగి చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం చేశారు. నేను రెండు గ్లాసులు తాగాను. నా బిడ్డ మొదటి వాక్యం నా అబద్ధం. అది తెలిసి కూడా తాగాను, బాగుంది కూడా.

ఆ రోజు నుంచి అక్షిత గేటు గడియ చూడటం మొదలుపెట్టింది. అన్నానికి ముందు మూడుసార్లు, పడుకునే ముందు మూడుసార్లు, బయటికి పోయే ముందు మూడుసార్లు. చూసినప్పుడల్లా ఆ మాట. పిల్ల తీసిందేమో. వనపర్తిలో మాటలు నేర్పే టీచరమ్మ, ఈ అలవాటు ఎప్పుడు మొదలైందని అడిగింది. మంజుల కుక్క పోయిన సంగతి చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడ మీది పండ్ల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. జామ, మామిడి, సీతాఫలం. ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. అది దాని తీరు, అట్లాంటి పిల్లలకు అలవాట్లుంటాయి అని నాకు నేను చెప్పుకున్నాను. అలవాట్లుంటాయి, నిజమే. కానీ దీన్ని అంటించింది ఎవరు?

మరుసటి ఏడు మల్లన్న మళ్లీ వచ్చాడు. మంజుల వినకుండా నాకు చెప్పాడు, పులిని నది దిక్కు వేరే మందలో ఉంచి వచ్చాడట, అక్కడ రాజ్యమేలుతోందట, ఒక్క గొర్రె కూడా పోలేదట. పులికి మాత్రం మంచే జరిగింది. ఈసారి ఆయన వెంట బూడిద రంగు కుక్క ఒకటి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆనాడు మంజుల చూపించిన నిద్రమొహమే.

"ఇది ఒర్లదు, మొరగదు, ఉరకదు. మందకు పనికి రాదు. మీకేమన్న కావాల్నా?" అన్నాడు. మంజుల అటు తిరగగానే గొంతు తగ్గించి, "ఈసారి నువ్వు జర చప్పట్లు కొట్టకు తమ్మీ," అన్నాడు.

కొట్టలేదు. రోజూ సాయంత్రం అక్షితను చేనుకు తీసుకుపోయి, కుక్కకు దూరంగా కూర్చోబెట్టాం. మూడు రోజులు చూసింది. నాలుగో రోజు తనే లేచి పోయి, తోక కొసను రెండు వేళ్లతో పట్టుకుంది. నేను లేవబోయాను. కుక్క ఒక కన్ను తెరిచి, చూసి, మూసుకుంది. ఎంపిక అయిపోయింది. పేరు కూడా అక్షితే పెట్టింది, బూడిద అని. రంగు చూసి మంజుల అన్న మాటే తిరిగి అంది.

బూడిద వచ్చాక మా ఇంటి చట్టాలు మారాయి. పందిరి కింద గోనెసంచి బూడిదది. అది సంచి మీదికి పోతే ఎవరూ పిలవకూడదు. అది తింటుంటే ఎవరూ దగ్గరికి పోకూడదు. వేళ్లతో తోక ముట్టవచ్చు, లాగకూడదు. పిల్ల కోసం పెట్టిన చట్టాలే, కానీ అమలు చేసే పోలీసు పిల్లే అయింది. ఒకసారి మా బావ తెలియక ఆ సంచి మీద కూర్చున్నాడు. అక్షిత ఎదురుగా నిలబడి, ఆయన లేచేదాకా కదల్లేదు. అల్లుడి మర్యాదలన్నీ ఆ రోజు గోనెసంచి దగ్గర ఆగిపోయాయి. వానకు తడిస్తే బూడిద కంపు కొడుతుంది. అక్షిత చున్నీ ముక్కుకు కట్టుకుని మరీ దాని పక్కనే కూర్చుంటుంది. ఏటా టీకాకు పశువుల దవాఖానకు పోతే, సూది బూడిదకు, కళ్లు మూసుకునేది అక్షిత.

మాటలు పెరిగాయి. ఇప్పుడు పదమూడేళ్లు, వనపర్తి బడికి బస్సులో పోతుంది. గడియ మూడోసారి చూసేదాకా డ్రైవరు హారన్ కొట్టకుండా ఆగుతాడు. ఆయన మంచితనం ముందు నేను ప్రతి పొద్దున తల వంచుకునేవాణ్ణి. ఆయనేమో నాకు కునుకు పడుతోందనుకునేవాడు.

పోయిన నెల ఆ డ్రైవరు సెలవులో ఉన్నాడు. కొత్తాయన ఆగలేదు, బస్సు పోయింది. ఆ రోజు అక్షితకు పరీక్ష. మంజుల గేటు దగ్గరే కూర్చుని, కోపంతో కాదు, అలసిపోయి అంది, "ఆ ఒక్కనాడు తీసినవని జన్మంతా చూస్తవా బిడ్డా?"

అక్షిత గడియ మీద చెయ్యి పెట్టి చెప్పింది. "పిల్ల తీసిందేమో. పులి పోయింది. పిల్ల మంచిది కాదు."

మొదటి మాట నాది. రెండోది ఇంట్లో అందరం అన్నది. మూడోది మాలో ఎవరం ఏనాడూ అనలేదు. అది తను సొంతంగా కూర్చుకున్న వాక్యం. సొంతంగా వాక్యాలు కూర్చుతోందని టీచరమ్మ మెచ్చుకున్నప్పుడు నేను ఎంత మురిశానో. ఇన్నేళ్లు లోపల అక్షిత ఏం కూర్చుకుంటోందో ఒక్కసారైనా అడిగానా? మాట రానివాళ్లకు నింద తగలదని నేను ఎట్లా అనుకున్నాను?

ఇక ఆగలేకపోయాను. వాకిట్లో నిలబడి చెప్పాను. "గేటు నేను తీసిన. పులిని నేనే మల్లన్నకు ఇచ్చిన. నువ్వు తియ్యలే." మాట మారిస్తే తనకు కలతగా ఉంటుందని, అవే మాటలు మూడుసార్లు చెప్పాను. అక్షిత నన్ను చూడలేదు, గడియనే చూసింది. మంజుల నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు మంజుల కుక్కతోనే మాట్లాడింది. "బూడిదా, ఆ మనిషికి చెప్పు, అన్నం సల్లగైతుందని." బూడిద నా వైపు చూసేది. నేను పోయి తినేవాణ్ణి. ఇప్పుడు మాట్లాడుతోంది గానీ, ఆ సంగతి వస్తే లేచి వెళ్లిపోతుంది. లేచి వెళ్లే హక్కు మంజులకు ఉంది.

అయిదో రోజు పొద్దున అక్షిత గడియ ముట్టుకుని, "నాయన తీసిండు," అంది. బస్సెక్కి కండక్టరుకు చెప్పింది. బడిలో చెప్పింది. కిరాణా కొట్టులో చెప్పింది. ఊళ్లో పిల్లలు, "ఏం తీసినవ్ మామా?" అని నన్ను అడుగుతున్నారు. కూర్చోబెట్టి మొత్తం చెబుతున్నాను. ఏ ముఖం కోసం దాచానో, ఆ ముఖం ఇప్పుడు ఊరంతటికీ నవ్వులాట. వింతగా, ఇన్నేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

గడియ చూడటం మాత్రం తగ్గలేదు. మూడు రెండు కాలేదు. పిల్ల మంచిదే అన్న మాట కూడా ఇంతవరకు అక్షిత నోట రాలేదు. నేర్పితే ఈ రోజే అంటుంది. కానీ అదీ నేను నోట్లో పెట్టిన మాటే అవుతుంది కదా. అందుకే నేర్పడం లేదు. పొద్దున బస్సుకు ముందు గేటు దగ్గర తన పక్కన నిలబడుతున్నాను. మూడుసార్లు చూసి, మూడుసార్లూ "నాయన తీసిండు" అంటుంది. మూడుసార్లూ "అవును బిడ్డా, నేనే," అంటున్నాను.