ముప్ఫై ఆరు ముక్కల పిల్ల

స్టూడియో పిన్నికి స్టూడియో లేదు. ఫోన్లలో కెమెరాలు వచ్చాక అది మూతపడింది, పేరు మాత్రం మిగిలింది. ఉన్నదల్లా ఒక గది, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్లయిందో అడక్కండి, ఆమెకే గుర్తులేదు.

నెలకోసారి ఆడవాళ్ల జైలుకు వెళ్తుంది. లోపలున్న తల్లుల ఫొటోలు బయటి పిల్లలకు, పిల్లల ఫొటోలు తల్లులకు అందించడం ఆమె పని. ఎవరు ఏం చేసి వచ్చారని ఆమె అడగదు. ఇంట్లో ఎవరెవరుంటారని వాళ్లూ ఆమెను అడగరు. లెక్క సరిపోయింది.

కుట్టుగదిలో పనిచేసే ఓ పొడగరి మాత్రం ఫొటో చేతికిస్తే మొహం చిన్నబుచ్చుకునేది. కూతుర్ని అయిదేళ్లప్పుడు వదిలి లోపలికొచ్చింది. ఇప్పుడు దానికి తొమ్మిది. నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ మహాతల్లి ఫొటోకైతే ఒప్పుకుంటుంది గానీ, పిల్లను జైలు గడప తొక్కనివ్వదు.

"బాగుంది పిన్నీ. కానీ ఇది నాకిప్పుడు ఎందాకా వస్తుంది?" అందామె ఓ రోజు. "నేనొచ్చేటప్పుడు నడుం దాకా ఉండేది. ఇందులో చూస్తే అరచేతిలో పడుతోంది. ఒక్కసారి దాని పక్కన నిలబడ్డట్టు అనిపిస్తే చాలు నాకు."

ఇంటి దారంతా పిన్ని అదే ఆలోచించింది. నిలువెత్తు ఫొటో తీయడం ఎంతలో పని? కానీ పోస్టుకార్డు సైజు దాటితే లోపలికి పోనివ్వరు. వార్డరమ్మ స్కేలు పెట్టి మరీ కొలుస్తుంది. సరే, పోస్టుకార్డులే కానీ అనుకుంది. నాయనమ్మ ఇంటికి వెళ్లి, పిల్లను గోడకు ఆనించి టేపు పెట్టింది. నలభై తొమ్మిది అంగుళాలు. అంతే ఎత్తు వచ్చేలా ఫొటోను తొమ్మిది వరసల్లో, వరసకు నాలుగు చొప్పున, ముప్ఫై ఆరు ముక్కలు చేసి, ముక్కకో కార్డు ప్రింటు తీసి, వెనక నంబర్లు వేసింది.

కుట్టుగది నేల మీద ఇద్దరూ కూర్చుని పేర్చారు. చెప్పుల దగ్గర మొదలై పాపిడి దాకా పిల్ల తయారైంది. ఆ తల్లి పక్కన వెల్లకిలా పడుకుంది, పాదాలు పాదాలకు సరిచూసుకుని. పిల్ల తల ఎక్కడుందో చేత్తో తడిమి, ఆ చేతిని తన వైపు జరుపుకుంది.

"భుజం దాకా వచ్చేసింది పిన్నీ," అంది. వార్డరమ్మ కూడా ఆ రోజు గంట కాస్త ఆలస్యంగా కొట్టింది.

మర్నాడు సాయంత్రం పిన్ని ముందుజాగ్రత్తకు అదనంగా తీసి ఉంచుకున్న రెండో సెట్టును గదిలో నేల మీద పేర్చుకుంది. ఎందుకని అడిగితే ఏం చెబుతుంది, కాసేపు ఇంకో మనిషి ఉన్నట్టుంటుందని. చెయ్యి ఊరుకోక టేపు పెట్టింది. యాభై మూడు. మళ్లీ పెట్టింది. యాభై మూడే. ప్రతి కార్డు చుట్టూ పావంగుళం తెల్ల అంచు. అంచు లేనిది ఫొటోయే కాదని ముప్ఫై ఏళ్లు కస్టమర్లకు పాఠాలు చెప్పిన మనిషి, అలవాటు కొద్దీ ఇక్కడా అంచు వదిలింది. తొమ్మిది వరసల మధ్య ఎనిమిది అతుకులు; అతుక్కి అరంగుళం చొప్పున పిల్ల నాలుగంగుళాలు పెరిగిపోయింది.

చెప్పాలా, వద్దా? సలహా అడగడానికి ఇంట్లో మరో ప్రాణి లేదు. చెబితే ఆ తల్లికున్న ఒక్క కొలతా లాక్కున్నట్టు. చెప్పకపోతే లేని పిల్లను పక్కలో పడుకోబెట్టినట్టు. నెలంతా తనలో తానే కుమిలిపోయింది. చివరికి అంచులన్నీ కత్తిరించి, ఆ సెట్టు పట్టుకుని జైలుకు వెళ్లింది.

"తప్పు నాదేనమ్మా. పిల్ల నీ భుజం దాకా రాలేదు. ఇంకా చంక దగ్గరే ఉంది."

ఆమె కొత్త కార్డులు ముట్టుకోలేదు. పాత కట్టను ఒళ్లోంచి కదపలేదు.

"నాలుగంగుళాలేగా పిన్నీ. నాకింకా ఏడేళ్లుంది. నేను బయటికొచ్చేసరికి ఈ భుజమూ దాటిపోతుంది."

కత్తిరించిన కార్డులు సంచిలో వెనక్కి వచ్చాయి. పిన్ని వాటిని తన గదిలో మళ్లీ పేర్చింది. సరిగ్గా నలభై తొమ్మిది అంగుళాలు. పక్కన పడుకుందామనుకుంది గానీ సిగ్గేసింది. తన కూతురు కాదుగా.