డిష్‌వాషర్ లేని నేరస్తురాలు

రెయినో లాహ్టీకి ఈ భూప్రపంచంలో శత్రువు ఒక్కటే. డిష్‌వాషర్. సైతాను ఎదురొచ్చినా కూర్చోబెట్టి కాఫీ పోస్తాడు గానీ, డిష్‌వాషర్ ఉన్న వంటింట్లో మాత్రం కుర్చీ అంచునే కూర్చుంటాడు, ఏ క్షణమైనా లేచిపోవడానికి వీలుగా.

కారణం లేకపోలేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో కత్తులకు చెక్క పిడులు చేసేది ఆయనొక్కడే. బర్చ్ చెట్టు చెక్కను ఏళ్ళ తరబడి అటక మీద ఆరబెట్టి, చెక్కి, రుద్ది, నూనె పట్టించి, మనిషి చేతిని చూసి మరీ పిడి చేస్తాడు. అలాంటి పిడిని గిన్నెలతో పాటు యంత్రంలో పడేస్తే చెక్క ఉబ్బుతుంది, వెలుస్తుంది, చివరికి పగులుతుంది. "పసిపిల్లకి స్నానం చేయించమంటే వాషింగ్ మెషీన్లో వేస్తారా?" అని అడుగుతాడు. అందరూ "అబ్బే, వెయ్యం" అనే అంటారు. ఆయన నమ్మడు.

భోజనానికి పిలిస్తే ముందు డిష్‌వాషర్ తలుపు తీసి, వంగి లోపలికి చూసి, ఆ తర్వాతే ఇంటావిడకు నమస్కారం పెడతాడు. లోపల తన కత్తి దొరికిందా, ఇక అంతే. కత్తిని జేబు రుమాల్లో చుట్టుకుని పట్టుకుపోతాడు. మూడు వారాల శిక్ష. ఆ మూడు వారాలూ ఆ ఇల్లు ప్లాస్టిక్ పిడి కత్తితో కూరలు తరుక్కోవాలి. అప్పీలు లేదు.

పెళ్ళిళ్ళలో ఇంకా ఘోరం. కొత్త జంటకు కత్తి బహుమతిగా తెస్తాడు. "దేవుడు కలిపినవారిని మనిషి విడదీయరాదు" అని పాస్టరు గారు అలా అన్నారో లేదో, వెనక బెంచీలోంచి రెయినో లేచి, "ఉక్కునీ చెక్కనీ నేను కలిపాను, వేడినీళ్ళు విడదీయరాదు" అంటాడు. మా ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళు ఈ రెండో ప్రమాణానికే ఎక్కువ భయపడ్డారు.

ఒకసారి షికాగో నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చి పిడి చేయమన్నాడు.

"ఇంట్లో డిష్‌వాషర్ ఉందా?"

"ఉందండీ."

"అయితే నా దగ్గర చెక్క లేదు."

డాక్టరు వెనకాల గోడ పొడుగునా పేర్చి ఉన్నదంతా చెక్కే. పాపం ఆయన గంటసేపు బతిమాలి, తల్లి మీద ఒట్టేసి కత్తి పట్టుకెళ్ళాడు. నెల తిరక్కుండా రెయినో వాళ్ళ భోజనం వేళ చూసి ఫోన్ చేశాడు. "బాగున్నారా? కత్తి బాగుందా?" అని అడుగుతూనే, వెనకాల ఏదో గుర్రుమంటున్న చప్పుడు విన్నాడు. మర్నాడు పొద్దున్నే వ్యాను తీసి, రోజంతా నడిపి షికాగో వెళ్ళి, కత్తి తెచ్చేసుకున్నాడు. డాక్టరు గారి తల్లికి ఏమీ కాలేదని తర్వాత తెలిసింది.

ఈ న్యాయస్థానంలో ఒక్కసారి కూడా బోనెక్కని మనిషి ఐలీ నియేమి. ఆమె ఇంట్లో డిష్‌వాషరే లేదు. ప్రతి శుక్రవారం చర్చి విందులో తెల్లచేపల ముళ్ళు తీసి ముక్కలు కోసేది ఆమే. ఆ విందుకి జనం దేవుడి కోసం వస్తున్నారని పాస్టరు గారు అనుకుంటారు, ఐలీ చేపముక్క కోసమని జనానికి తెలుసు. రెయినో పిడి వేసిన సన్న కత్తితో ఆమె చేపను విప్పుతుంటే, కోటు గుండీలు విప్పినంత తేలిగ్గా ఉండేది.

ఉండేది. ఈ చలికాలం నుంచి ఐలీ వేళ్ళు బిగుసుకుపోయాయి. కణుపులు వాచి, చిటికెన వేలు ముడుచుకుని, పిడికిలి పూర్తిగా మూసుకోవడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. కత్తి జారితే "ఈ ఏడు చేపలకి జిగురెక్కువ" అనేది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మా చర్చిలో చేతకాని ఆడవాళ్ళను కాఫీ పాత్ర పక్కన కూర్చోబెడతారు. పెద్ద గౌరవం అంటారు. అక్కడ కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేచి వంటింట్లోకి వచ్చిన దాఖలా లేదు.

ఆ గౌరవం పంచిపెట్టేది డోరీన్, ఐలీ తమ్ముడి భార్య, వంటింటి కమిటీ పెద్ద. నడివేసవి పండుగ విందుకు మూడు వారాల ముందు, ఒక శుక్రవారం, అందరి ముందూ ఐలీ చేతిలోంచి కత్తి జారి నేల మీద పడింది. కాసేపటికి మళ్ళీ పడింది.

"వదినా," అంది డోరీన్ తేనె పూసిన గొంతుతో, "పండుగ రోజు నువ్వు హాయిగా కాఫీ దగ్గర..."

మాట పూర్తి కాలేదు. చేప కోసం గుమ్మంలో కాచుక్కూర్చున్న రెయినో లోపలికొచ్చి, కత్తి తీసి, పిడి వాసన చూశాడు.

"ఐలీ. దీన్ని డిష్‌వాషర్లో వేశావు."

ఐలీ మొహం జేవురించింది. "నా ఇంట్లో డిష్‌వాషర్ లేదు."

"దొంగలందరూ అలాగే అంటారు."

"వారం వారం వచ్చి నా కాఫీ తాగి పోతావు కదయ్యా, ఎక్కడ చూశావు?"

"చూడక్కర్లేదు. వేడినీళ్ళు తాగిన పిడి జారుతుంది. ఇది జారింది. ఇంకేం కావాలి?" కత్తిని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊరంతా నవ్వింది. ముసలాడికి మతి పోయిందన్నారు, పాపం ఐలీ అన్నారు. ఐలీ కూడా ఎక్కడికెళ్ళినా ఈ అన్యాయమే చెప్పుకుంది. ఆ సందట్లో ఆమె వేళ్ళ సంగతి అందరూ మరిచారు. కోపంలో ఆమే మరిచింది.

అది చాలదన్నట్టు, రెండో వారం రెయినో తడి బంకమట్టి ముద్దతో ఆమె ఇంటికొచ్చాడు.

"ఏమిటిది?"

"వేలిముద్రలు. నేరస్తులందరికీ తీస్తారు. గట్టిగా పట్టుకో."

"నీ పీక పట్టుకుంటాను."

"ఇది నా పీకే అనుకో."

ఐలీ అలాగే అనుకుని పట్టుకుంది. రెయినో ఆ ముద్దను కోడిగుడ్డులా రెండు చేతుల్లో పెట్టుకుని పోయాడు.

పండుగ నాటి ఉదయం కత్తి పాత పేపర్లో చుట్టి చర్చి వంటింటికి వచ్చింది. తెచ్చిన రెయినో "శిక్ష అయిపోయింది. పిడి చెడింది గనక మార్చాల్సొచ్చింది" అని గొణిగి, మారుమాట వినకుండా పోయాడు. డోరీన్ అప్పటికే కాఫీ పాత్ర పక్కన కుర్చీ వేసి, దాని మీద దిండు కూడా సర్దింది.

ఐలీ కుర్చీ వంక చూసి, కత్తి తీసుకుంది. పిడి లావుగా, మధ్యలో పొట్ట పెట్టుకుని ఉంది. ముడుచుకున్న చిటికెన వేలికి చిన్న గుంట. మూసుకోని పిడికిలి మూసుకోనక్కర్లేదు, ఆ ఖాళీనంతా చెక్కే నింపింది. మొదటి చేప గుండీలు విప్పినట్టు విచ్చుకుంది.

రెండో చేప సగంలో ఐలీ చెయ్యి ఆగింది. వేడినీళ్ళూ లేవు, నేరమూ లేదు. ఈ మొండి మనిషి మొదటిరోజే ఆమె వేళ్ళు చూశాడు. ఊరి చేత పిచ్చివాడనిపించుకున్నాడు గానీ, ఆమె చేతకానిదని ఒక్క నోటా అనిపించలేదు. ఐలీకి ఆయన మీద చెప్పలేనంత ప్రేమ, దాంతోపాటే నెత్తిన ఒకటి మొట్టాలన్నంత కోపం వచ్చాయి. కృతజ్ఞతలు చెబుదామంటే ఎలా? చెబితే గుట్టు రట్టే.

మధ్యాహ్నం రెయినో పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి వంటింట్లో కమిటీ అంతా ఉంది. ఐలీ కత్తి కింద పెట్టింది.

"రెయినో, ఒప్పుకుంటున్నాను. డిష్‌వాషర్లో వేశాను."

రెయినో పళ్ళెం జారబోయి ఆగింది. నిజమైన నేరస్తులే ఏనాడూ ఒప్పుకోలేదు ఆయన ముందు.

"అదేమిటి వదినా," అంది డోరీన్, "నీకు డిష్‌వాషర్ లేదుగా."

"మీ ఇంట్లో వేశాను."

రెయినో మెల్లగా డోరీన్ వైపు తిరిగాడు. "ఔనూ, మీ పెళ్ళికి నేనిచ్చిన కత్తి ఎలా ఉందమ్మా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు డోరీన్ ఆప్రాన్ తడుముకుంది. "పొయ్యి మీద బంగాళాదుంపలు మాడుతున్నాయి" అని అటు పరుగెత్తింది. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.

"మొదటి తప్పు గనక వదిలేస్తున్నా," అన్నాడు రెయినో ఐలీతో, చేపముక్క వంకే చూస్తూ.

"పై చలికాలానికి మళ్ళీ వేస్తానేమో, రెయినో. నా బుద్ధి నాకు తెలుసు."

డిష్‌వాషర్ పేరెత్తితే షికాగో దాకా వెళ్ళిన మనిషి, ఆ మాటకి తల కూడా ఎత్తలేదు.

"వేస్తే వెయ్యి," అన్నాడు. "అటక మీద చెక్క బోలెడుంది. ఆ తోక ముక్క కాదు, పొట్ట ముక్క పెట్టు."

ఐలీ పొట్ట ముక్కలు రెండు పెట్టింది. దిండు వేసిన కుర్చీలో ఆ రోజంతా పాస్టరు గారు కూర్చున్నారు.