అమ్మగారు ఉతికిన తెర

మొన్న ఒక సాయంత్రం, నేను తొలిసారి పాఠాలు చెప్పిన అల్లూరు హైస్కూలు నుంచి ఇప్పటి సైన్సు టీచరమ్మ ఫోన్ చేసి, తరగతి గదికి గోడంత టీవీ కొనాలో, పైకప్పుకు బిగించే ప్రొజెక్టరు కొనాలో తేల్చుకోలేకపోతున్నామని, ఈ బడికి మొదటి మిషను తెచ్చింది మీరేనట కదా, ఒక మాట చెప్పండని అడిగింది. ఆ రెండింటి మంచీచెడ్డా నాకేం తెలుసు? అదే చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, మనసు మాత్రం అరవైల తొలిరోజుల్లోకి పోయి అక్కడే తిష్ఠ వేసింది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, నా పాఠం విని బాగుందంటేనే ఖాయమవుతుంది, లేదంటే మనుబోలులో మా నాన్న పక్కన మడిలోకి దిగాల్సిందే. బడికి కొత్తగా కరెంటు వచ్చిన ఏడాది, పంట కూడా బాగా చేతికొచ్చి హుషారుగా ఉన్న కమిటీ ప్రెసిడెంటు గారు పిల్లలకు బొమ్మలు చూపించే మిషను కొనిస్తానన్నారు. దాన్ని ఎంచుకొచ్చే పనిని హెడ్మాస్టరు గారు నా నెత్తిన పెట్టారు. సైన్సు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

మదరాసు కొట్లో పుస్తకంలోని బొమ్మను ఉన్నదున్నట్టు గోడ మీద చూపించే మిషను ఒకటి చూశాను గానీ, అది మోయడానికి ఇద్దరు కావాలి. ఫిల్ము చుట్ట తిప్పుతూ ఒక్కొక్క బొమ్మే చూపించే చిన్న ప్రొజెక్టరు నచ్చింది. తెరల్లో ఒకటి మామూలు తెల్లగుడ్డ, ఇంకొకటి వెండిపూత పూసింది. పిల్లలు ఎలా కూర్చుంటారని కొట్టాయన అడిగితే ఎదురుగానే అన్నాను. ఎదురుగా నిలబడి చూస్తే వెండితెర మీద బొమ్మ ధగధగలాడిపోయింది, నేను పడిపోయి అదే కొనేశాను.

కిటికీలకు గోతాలు కట్టి చీకటి చేసి, ఆ ఏడాదంతా వారానికొక పాఠం చూపించాను. మగపిల్లలు చెయ్యెత్తి మరీ జవాబులు చెప్పేవారు. ఆడపిల్లలు తొమ్మిదిమందీ చెప్పినదానికల్లా తలూపేవారు, అడిగితే నోరు విప్పేవారు కాదు. సిగ్గనుకున్నాను. చదువులో వెనకబడ్డారని కూడా అనుకున్నాను, చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లదు.

ఇన్‌స్పెక్షను ముందురోజు మధ్యాహ్నం బడి వెనకే ఉన్న హెడ్మాస్టరు గారి పెరట్లో దండెం మీద నా తెర ఆరుతూ కనిపించింది. భద్రంగా ఉంటుందని వాళ్ళింట్లో దాచిన ఆ బూడిదరంగు గుడ్డను చూసి మసి పట్టిందనుకున్న వారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, చాకలిసోడా వేసి, బండమీద బాది, గంజి కూడా పెట్టారు. వెండి చాలావరకు పోయి గుడ్డ బొల్లి మచ్చలతో మిగిలింది.

“ఇంత మురికిగుడ్డ దొరగారికి ఎట్టా చూపిస్తావబ్బయా? పరువు పోదూ?” అన్నారు ఆప్యాయంగా.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిణ్ణి ఏమంటాను? సాయంత్రంలోగా అటెండరూ నేనూ కలిసి సున్నం కలిపి, తరగతిలో నల్లబల్ల పక్కన ఖాళీగా ఉన్న గోడకు రెండు పూతలు వేశాం.

మర్నాడు ఆ గోడ మీదే గుండె బొమ్మ వేసి పాఠం చెప్పాను. తెర మీద కంటే వెలుగు తక్కువే. ఇన్‌స్పెక్టరు గారు నేరుగా ఆడపిల్లల వైపు తిరిగి, చెడురక్తం ఎటునుంచి వస్తుందని అడిగారు. నా పని అయిపోయిందనుకున్నాను. బల్ల చివర కూర్చున్న పిల్ల లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క గదినీ వేలుపెట్టి చూపిస్తూ గడగడా చెప్పింది. నా ఉద్యోగం ఆ పిల్ల నిలబెట్టింది.

ఆయన వెళ్ళాక ఆ పిల్లను పిలిచి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

“ఇన్నాళ్ళూ మాకు బొమ్మ అగపడలేదు సార్. ఒట్టి మసకే. మీరంత ఆశగా చూపిస్తా ఉంటే ఎట్టా చెప్పేది?” అంది తలొంచుకుని.

ఆడపిల్లల బల్లలు రెండూ పక్కగోడకు ఆనించి అడ్డంగా వేయడం మా బడి ఆచారం. వెండి అక్కడక్కడా మిగిలిన ఆ తెరనే మళ్ళీ కట్టి, బొమ్మ వేసి, అక్కడ నేనే కూర్చుని చూశాను. వెండిపూత ఎదురుగా ఉన్నవాళ్ళకే బొమ్మ చూపిస్తుందని, పక్కనుంచి చూసేవాళ్ళకు మసకేనని అప్పుడు తెలిసింది. రోజూ వాళ్ళను ఆ బల్లల మీదే చూస్తూ, కొట్టాయనతో ఎదురుగానే అన్నవాణ్ణి నేనే.

ఇప్పటి పిల్లలు బొమ్మ కనపడకపోతే “సార్, కనపడటంలేదు” అని అక్కడికక్కడే అరుస్తారట. వింటే ముచ్చటేస్తుంది. మాస్టరు మనసు నొచ్చుకుంటుందని ఏడాదిపాటు చీకట్లో తలూపే పిల్లలు ఇక ఉండరు, ఉండకూడదు కూడా. ఆ ఏడాది పరీక్షల లోపల పాత పాఠాల్లో సగమే మా ఆడపిల్లలకు మళ్ళీ చూపించగలిగాను. ఆ తొమ్మిదిమందీ ఈపాటికి అమ్మమ్మలై ఉంటారు. ఎవరైనా కనిపిస్తే కూర్చోబెట్టి, మిగతా సగం చూపించాలని ఉంటుంది.